నెల్లికుదురులో చెరిపిన కోరలు

ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్లు, రైళ్లు ఆగిపోతున్న రోజులవి. ఇప్పుడు ప్రయాణమేంటని ఇంట్లో అందరూ అన్నారు. కానీ కాటారంలో కథ చెప్పే రాజయ్యన్నకు ఆదివారంలోపు పటం అందాలి. వాళ్ల కులపురాణాన్ని ఊరూరా పాడుతూ చూపించే పొడవాటి బొమ్మల గుడ్డ అది. పాతది చెదలు తింటే, కొత్తది గీయమని జనగామలో పటాలు గీసే మా బాపుకు ఇచ్చాడు. బాపు చేతులు వణుకుతున్నాయి గనుక గీసింది నేనే.

ఒక్క బొమ్మ తప్ప అన్నీ పాతదాన్ని చూసి దించాను. ఆ బొమ్మలో వాళ్ల మూలపురుషుడు, వరదలో పసిబిడ్డగా. ఎదురుగా ఏదో మృగం. దాని తోక, ఒక రెక్క మాత్రమే మిగిలాయి. "అన్నీ నాకు యాదికున్నయి" అని బాపు మాట ఇచ్చేశాడు. తీరా చూస్తే గుర్తు లేదు. రాజయ్యన్నను అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఊహించి ఏనుగు తొండం, పులి ఒళ్లు, నోటినిండా కోరలు పెట్టాను. మనసు ఒప్పక, పాత పటంతో ఏళ్లపాటు పాడిన ఆయన మేనత్త మల్లవ్వ దగ్గరికి ముందు నెల్లికుదురు బయలుదేరాను.

ఉదయం ఏడింటికి జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. కాజీపేట దాటాక జనం పట్టాల మీద కూర్చోవడంతో గంటన్నర ఆగింది. పక్కసీటు పెద్దమనిషి నా పొడవాటి మూట చూసి, "గదేంది బిడ్డా, జెండానా?" అన్నాడు. దేవుళ్ల పటమంటే జరిగి చోటిచ్చాడు. పదకొండున్నరకు మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో నెల్లికుదురు చేరాను.

మల్లవ్వ అరుగు మీద పటం విప్పాను. ఒక్కో బొమ్మా పాడుకుంటూ వచ్చిన ఆమె మృగం దగ్గర ఆగిపోయింది.

"గిట్లెందుకు గీసినవ్ బిడ్డా? గిది మింగెటిది గాదు, మోసెటిది. పిలగాన్ని ఒడ్డుకు తెచ్చింది గిదే."

కులాన్ని బతికించిన జంతువును కులాన్ని తినేదిగా గీశాను.

"తొండం గూడ తప్పేనా అవ్వా?"

"దాన్ని ఎవ్వలు జూసిండ్రు? ఒక్కో పటంల ఒక్కో మొకం, మా అత్త పటంల గుర్రం మొకముండె. మొకం నీ ఇష్టం. కోరలు తీసెయ్."

రంగుల డబ్బా వెంట తెచ్చుకోవడం ఎంత మంచిదైంది! ఉడుత వెంట్రుకల కుంచెతో కోరల మీద వరదనీటి నీలం నింపి చెరిపేశాను. తొండాన్ని సాగదీసి బిడ్డ నడుము చుట్టూ తిప్పాను. కళ్లు దిద్దుతుంటే మల్లవ్వ జొన్నరొట్టె, పుంటికూర తెచ్చిపెట్టింది. రంగు ఆరేసరికి మూడున్నర.

సాయంత్రం రైల్లో వరంగల్ చేరి చిన్నమ్మ ఇంట్లో ఆగాను. తెల్లవారి భూపాలపల్లి బస్సెక్కితే ఆ ఊరి ముందు రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. "బస్సు ఇప్పట్ల కదలదక్కా, తిని పో" అంటూ ఒకామె విస్తరి చేతికిచ్చింది. పప్పుచారు పొగలు కక్కుతోంది. ఒంటిగంటకు దారి వదిలారు. మరో బస్సు మారి కాటారం చేరేసరికి మూడు.

రాజయ్యన్న పటాన్ని చివరిదాకా విప్పాడు. ఆయన భార్య మృగం ముందు వంగి, "మా బిడ్డను పదిలంగ తెచ్చినవ్ తల్లీ" అని దండం పెట్టింది. బాపుకు ఫోన్ చేసి, "ఒప్పుకున్నరు" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు దొరికింది. ఎవరూ చూడని జంతువుకు ఏ ముఖమైనా చెల్లుతుంది. అది ఏం చేసిందన్నదే తప్పకూడదు. పటాలు గీసేవారు ముందు పాడేవారి ఇంటికి వెళ్లాలి. అలా అనుకుంటూనే నిద్రపోయాను. హన్మకొండలో కండక్టర్ లేపేదాకా మెలకువ రాలేదు.