గీతకి బయట ఊరు

దేవిది ఆకివీడు దగ్గర, కొల్లేటి ఒడ్డున ఒక ఊరు. తల్లి పెద్దింటమ్మ చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేది. ఆ ఊరి నుంచి యూనివర్సిటీలో ఎం.టెక్ చేరిన మొదటి మనిషి దేవే. చదివింది సిస్టమ్స్ థియరీ. అదేం చదువని అడిగితే, "ఒకచోట కదిపితే ఇంకెక్కడ కదులుతుందో చూడ్డమండీ" అని చెప్పేది. ఆ చదువంటే ఆమెకి ప్రాణం.

ప్రాజెక్టుకి కొల్లేరునే తీసుకుంది. ఎనిమిది నెలలు పడవ మీద తిరిగి సీసాల్లో నీళ్ళు పట్టింది. కోళ్ళ వ్యర్థాలు మేపి చేపలు పెంచే చెరువులు కొన్ని అక్కడున్నాయి. వాటి నీళ్ళు కాలువలోకి వదిలిన రోజు సీసా ముంచితే ఈకలు, పేగుముక్కలు వేళ్ళకి చుట్టుకునేవి. సబ్బుతో ఎంత రుద్దుకున్నా, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి అదే కంపు.

కొల్లేటి నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ పూర్తయ్యాక ప్రాజెక్టు గైడు తన గదికి పిలిచారు. ఆయన ల్యాబులో సగం పరికరాలు చెరువుల యజమానులు కొనిచ్చినవే.

"ఈ కాలువని సిస్టమ్ హద్దుకి బయట పెట్టేయమ్మా," అన్నారు.

"అప్పుడు ఆ మురుగు ఎటు పోతుందండీ?"

"పర్యావరణంలోకి. హద్దు బయట ఉన్నదాన్నే కదా పర్యావరణం అంటాం. ఫస్ట్ సెమిస్టర్‌లో చెప్పుకున్నదే."

ఆయన నవ్వారు. దేవీ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే తన మీద తనకే రోత పుడుతుందని ఇప్పటికీ అంటుంది.

కాలువ తీసేసింది. చెరువుల వల్ల హానేమీ లేదన్నట్టు గ్రాఫులన్నీ చక్కబడ్డాయి. ఏలూరులో ఒక సదస్సులో దాన్ని వ్యాసంగా చదివితే చప్పట్లు కొట్టారు. జర్నల్లో అచ్చయింది, గైడు పేరుకన్నా ముందు ఆమె పేరుతో.

సెలవులకి వెళ్ళి ఆ వ్యాసం తల్లికి చూపించింది. చదువు రాని పెద్దింటమ్మ అందులోని కొల్లేటి బొమ్మ మీద వేలు పెట్టి, "మన ఊరెక్కడుందే ఇందులో?" అంది.

"లేదమ్మా. ఈ హద్దు గీతకి బయటుంది."

"బయటుంటే మనకి ఈ నీళ్ళు రాకుండా పోతాయేంటి?"

కోపంగా కాదు, తెలియకే అడిగింది. దేవి పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది.

తిరిగెళ్ళి కాలువనీ, దాని ఒడ్డునున్న నాలుగు ఊళ్ళనీ మోడల్లోకి తెచ్చింది. గైడు సంతకం పెట్టనన్నారు. స్నేహలత అనే మరో ప్రొఫెసర్ గైడుగా ఒప్పుకునేసరికి ఆర్నెల్లు పోయాయి. చివరికి పాసు మార్కులేసి పంపారు. అచ్చయిన వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని జర్నల్‌కి రాస్తే, రెండో రచయిత కూడా ఒప్పుకోవాలన్నారు. గైడు ఒప్పుకోలేదు.

ఇప్పుడు దేవి తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఫలానావారు మీ వ్యాసాన్ని ఉదహరించారంటూ అప్పుడప్పుడు మెయిల్ వస్తుంది. కిందటి నెల ఉదహరించింది, కొత్త చెరువులకి అనుమతి కోరుతూ ఎవరో తయారుచేయించిన రిపోర్టు.

ఆ మెయిల్ వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో పక్క సీటు దేవకుమారి తొంగి చూసి, "కంగ్రాట్సండీ, మీ పేరు వేశారు," అంది.

"తప్పుడు వ్యాసమండీ అది. తెలిసే రాశాను," అంది దేవి.

ఆ మధ్యాహ్నమే దేవి తన తప్పుతో సహా రెండు పేజీల అభ్యంతరం రాసి, ఆ రిపోర్టు వెళ్ళిన ఆఫీసుకి పంపింది. జవాబు ఇంకా రాలేదు.