ఈతకొలనులో కండక్టరు

బస్సు కండక్టరు రిటైరయ్యాక ఈత నేర్చాడు. బానపొట్ట, బిగుతు టోపీ, కప్పలా కాళ్లు తన్నడం. పెద్దల బ్యాచ్‌లో చివరికి ఆయనొక్కడే మిగిలాడు. అయినా రోజూ మెట్ల కడ్డీని టకటకా కొట్టి, "ముందుకు జరగండి, లోపల బోలెడు చోటుంది!" అని ఖాళీ నీళ్లకేసి కేకేసేవాడు.

ఓ ఉదయం మేనేజరు తాళంకప్పతో వచ్చాడు. "ఒక్కడి కోసం ఇన్ని నీళ్లెందుకు బాబాయ్? ఇవాళ్టితో మూసేస్తున్నాం." "ఒక్కణ్ణేమిట్రా, నీ కళ్లు కాకులెత్తుకుపోయాయా?" అంటూ కండక్టరు పైకెక్కి, అలవాటుగా వెనక్కి తిరిగాడు. "ఆఖరి స్టాపు! మెల్లగా దిగండి." నీళ్లు కదిలాయి. పొడి గచ్చు మీద తడి పాదాల ముద్రలు ఒకదాని వెనక ఒకటి పడుతూ, మేనేజరు దగ్గర మర్యాదగా పక్కకి ఒదిగి, బట్టలు మార్చుకునే గదిలోకి నడిచిపోయాయి. మేనేజరు తాళం జేబులో వేసుకున్నాడు. "రేపు... ఎన్నింటికి తెరవమంటారు బాబాయ్?" "నన్నడుగుతావేం? వాళ్లనడుగు!"