పన్నెండు రోజుల ఎడం

మంథని బస్టాండు దగ్గర నా టైలరు కొట్టు. పెద్దపల్లి బస్సు ఆలస్యమైతే జనం వచ్చి నా బల్ల మీద కూర్చుంటారు. బస్సు వచ్చేదాకా వాళ్లను కూర్చోబెట్టేది నా నోరే. కరోనా సూదుల కాలంలో నా కథలకు చేతినిండా సరుకు దొరికింది. రెండో డోసు పడ్డాక నా కత్తెర దానంతటదే లేచి వచ్చి జబ్బకు అతుక్కుందనీ, ఊడబీకడానికి ఇద్దరు మనుషులు పట్టారనీ చెప్పాను. అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దపల్లి అవతల ఓ లారీ డ్రైవరుకు రెండో సూది తర్వాత ఎడమచెయ్యి లేవడం లేదట, గేరు కూడా క్లీనరే మారుస్తున్నాడట, అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అది నాకు ఇంకా నచ్చింది.

అలాంటి డ్రైవరు ఎక్కడా లేడు.

ఆ రోజు బల్ల చివర మా బావ ఉన్నాడు. నా చెల్లెలి భర్త. గల్ఫ్‌లో క్రేన్ నడుపుతాడు. సెలవు మీద వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయాడు. చేతుల మీద బతికే మనిషి. నా కథ విని లేచి ఇంటికి వెళ్లాడు. రెండో డోసు గడువు వచ్చినప్పుడు మాత్రం ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి నాట్లన్నాడు. రెండు నెలలు అట్లా దాటేశాక చెల్లెలు తిట్టి పంపితే వేయించుకున్నాడు.

నెలలు గడిచాయి. విమానాలు మొదలయ్యాయి. కంపెనీ నుంచి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. కొత్త రకం కరోనా వచ్చింది కాబట్టి మూడో డోసు సర్టిఫికెట్ లేనివాళ్లను పనిలోకి తీసుకోరు. వీసా ఇంతకుముందే పొడిగించారు. పద్దెనిమిది రోజుల్లో అక్కడ దిగకపోతే అది రద్దు.

ఆ పూటే నేనూ బావా చెల్లెలూ ముగ్గురం కరీంనగర్ బస్సెక్కాం. మూడో సూది అప్పట్లో ప్రైవేటు దవాఖానాల్లోనే వేసేవారు. అక్కడి నర్సు బావ ఆధార్ చూసి, కంప్యూటర్‌లో ఏదో కొట్టి అడ్డంగా తల ఊపింది.

"ఇంక నెల రోజులుంది. రెండో డోసు పడ్డంక తొమ్మిది నెలలు నిండాలె."

పద్దెనిమిది రోజులకు వీసా పోతుంది, ముప్పై రోజులకు గానీ సూది పడదు. నడుమ పన్నెండు రోజులు. చేతనైన పని చేయబోయాను. రెండో డోసు నిజానికి రెండు నెలల ముందే పడిందనీ, ఊళ్లో కరెంటు లేక తారీఖు ఆలస్యంగా ఎక్కించారనీ, ఆ రోజు గాలివానకు దవాఖాన రేకులు లేచిపోయాయనీ మొదలుపెట్టాను. ఆమె చివరిదాకా విన్నది.

"మంచిగ చెప్పిండ్రు సార్. గని కంప్యూటర్ ఊ కొట్టది."

చెల్లెలు మొగుడి వైపు తిరిగింది. "గప్పుడు రెండు నెలలు ఎందుకు దాటేసినవ్? జరమని అబద్ధమాడినవ్ గదా?"

బావ నేల చూపులు చూశాడు. "గా డ్రైవరు ముచ్చట ఇని భయమైంది. చెయ్యి పడిపోతె క్రేన్ ఎట్ల నడుపుత?"

"ఏ డ్రైవరు?"

ఆయన నా వైపు చూశాడు. చెల్లెలూ చూసింది.

"అన్నా, గా డ్రైవరుది ఏ ఊరే?"

ఏ ఊరి పేరైనా చెప్పగలిగేవాణ్ని. నోరు రాలేదు. ఆమెకు అర్థమైంది. తిట్టలేదు. బస్సులో మంథని దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఇక మిగిలింది ఒకటే దారి. గల్ఫ్‌లో బావ ఉండే క్యాంపులో ఫోర్‌మన్ జగిత్యాల వైపు మనిషి. అతను చెబితే కంపెనీ ఇంకో నెల గడువు ఇవ్వవచ్చు. వాయిస్ మెసేజ్ పెట్టడానికి కూర్చున్నాం. బావ ఫోన్ తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు. చెల్లెలు ఫోన్ నా ముందు పెట్టింది.

"నువ్వే చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్కటి ఎక్కువ చెప్పినా నీ గడప తొక్క."

మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు తుడిపేశాను. నాలుగోసారి చెప్పాను. తప్పు నాది, నా మాట విని ఈయన ఆగిపోయాడు, పన్నెండు రోజులు తక్కువ పడుతున్నాయి, అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

అయిదు రోజులు జవాబు లేదు. టీవీలో కింద ఎర్రపట్టీ మీద కొత్త రకం పేరు నడుస్తూనే ఉంది. ఫలానా దేశం తలుపులు మూసింది, ఫలానా దేశం పరీక్ష అడుగుతోంది. మాకు కావలసిన దేశం పేరు వస్తుందేమోనని చెల్లెలు పొయ్యి మీద అన్నం వదిలేసి వచ్చి నిలబడేది. నేను కొట్టు తెరవలేదు. తెరిస్తే ఎవరో ఒకరు ముచ్చట చెప్పమని అడుగుతారు.

ఆరో రోజు ఫోర్‌మన్ మెసేజ్. "నెల దొరికింది. గని క్రేన్ మీద వేరేటోన్ని పెట్టిండ్రు. వస్తె హెల్పర్ పనే. ఆలోచన చేసుకోండ్రి."

బావ ఆలోచించలేదు, వస్తానన్నాడు. తొమ్మిది నెలలు నిండిన పొద్దున దవాఖాన తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చున్నాం. సూది పడ్డాక సర్టిఫికెట్ కోసం ఓటీపీ నంబరు నా ఫోన్‌కే వచ్చింది. చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఆ అంకెలు నర్సుకు తనే చదివి చెప్పింది.

ఆయన వెళ్లి చాన్నాళ్లయింది. ఇప్పటికీ హెల్పర్ పనే. క్రేన్ కిందే రోజంతా నిలబడి, పైనున్నవాడికి చేతులూపి దారి చూపిస్తాడట. మొన్న ఫోన్ చేశాడు.

"బావా, మల్ల గదేదో కొత్త రకం అంటుండ్రు. ఇంకో సూది ఏసుకోమంటరా? రూల్ మల్ల మారుతదా?"

"నాకు తెల్వది బావా. డాక్టర్‌ను అడుగు."



"నువ్వు తెల్వదంటేనే నాకు భయమైతుంది," అన్నాడు.