నీళ్ల కారుకి నేనిచ్చిన హారతి

నిడదవోలులో మాది కిరాణా కొట్టు. మావారు ఫోన్‌లో వీడియోలు చూసి, నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే యంత్రాన్ని ప్లాస్టిక్ డబ్బాలో తయారుచేసి కారుకి బిగించారు.

"అన్నవరం దాకా నీళ్లతోనే వెళ్దామే. హారతివ్వు" అన్నారు.

డబ్బాలో బుడగలు లేస్తున్నాయి. నేను కర్పూరం వెలిగించి ఇంజనుకి చూపించాను.

"డబ్బాకీ చూపించు, అసలు దేవుడు అదే!"

హారతి పళ్లెం డబ్బా దగ్గరకి తీసుకెళ్లానో లేదో, పిడుగు పడ్డట్టు డబ్బా పేలింది. ఒక ముక్క ఆయన చెంపని దవడ దాకా చీల్చింది. నా చెయ్యి మోచేతి దాకా కాలింది.

ఆసుపత్రిలో కుట్లు వేయించుకుని ఆయన, "యంత్రంలో లోపం లేదండి డాక్టరుగారూ, మా ఆవిడ హారతే కొంప ముంచింది" అన్నారు.

పక్క మంచం మీంచి లేచి, కాలని చేత్తో, కుట్లు లేని చెంప మీద ఒక్కటిచ్చాను. పాతికేళ్ల కాపురంలో నేను చెయ్యి చేసుకున్నది అప్పుడే. ఇప్పటికీ బాధ లేదు.