పెట్టెకు కాపలా ఉన్న అవ్వ

మాట్లాడేటప్పుడల్లా గుండె మీద అరచెయ్యి అదుముకునే ఆ అవ్వను నేను చూసింది ఒక్క పూటే. ఎనభైల్లో హైదరాబాదులో పెద్ద బెలూన్లు ఎగరేసే కేంద్రంలో పనిచేసేవాణ్ణి. నక్షత్రాల నుంచి వచ్చే బలమైన ఎక్స్-రేలు నేల దాకా చేరవు. వాటిని చూసే దుర్భిణి పెట్టెను బెలూను గాలి పలచబడే ఎత్తుకు మోసుకుపోయేది. పని ముగిశాక పెట్టె పారాచూట్‌తో ఎక్కడో దిగేది. ఆసారి చొప్పదండి దగ్గర, అవ్వ మక్కచేనులో దిగింది.

మేం జీపులో చేరేసరికి వాన వెలిసింది. అవ్వ తన గొంగడి పెట్టెకు కప్పి, తాను తడిసి కూర్చుంది.

"ఎవ్వల్ని ముట్టనియ్యలే బిడ్డా. గిదేం జూస్తది?"

"కంటికి కనబడని ఎక్స్-రేలను" అన్నాను.

"గట్లయితే జర నన్ను జూడు. ఆర్నెల్ల సంది గుండెకాడ నొస్తున్నది. కరీంనగర్ దవాఖానకు పోదాం పా అంటుండు కొడుకు."

ఆ పెట్టె మనుషులను చూడదని వివరించే ఓపిక నాకు లేకపోయింది. నవ్వాపుకుంటూ పెట్టెను ఆమె వైపు తిప్పి, "ఏం లేదవ్వా, మంచిగనే ఉంది" అన్నాను. అవ్వ నాకు చేతులెత్తి మొక్కింది.

మరుసటేడు ఇంకో పెట్టె కోసం అటు వెళ్ళినప్పుడు, పలకరిద్దామని ఆమె ఇంటిముందు జీపు ఆపించాను. కొడుకు బయటికొచ్చాడు. అవ్వ ఏదని అడిగాను.

"అవ్వ సచ్చిపోయింది సారూ. దవాఖానకు రమ్మంటే రాలే. పట్నం డాక్టరు మిషన్ పెట్టి జూసిండు, ఏం లేదన్నడు అన్నది."

ఆ డాక్టరు నేనేనని చెప్పలేదు. అతను ఇచ్చిన చల్ల తాగి జీపెక్కాను.