ముందు ఏ ఫోల్డర్?

శేషాచలం నడిపే బస్సు తెల్లవారి ఐదుంబావుకు క్రెయిగీబర్న్ స్టేషన్ నుంచి కదులుతుంది. ప్రొద్దుటూరులో పదకొండేళ్ళు కంప్యూటర్లు బాగుచేసిన ఈ యాభై ఆరేళ్ళ మనిషి మెల్‌బోర్న్ వచ్చాక స్టీరింగ్ పట్టుకున్నాడు. చుట్టుపక్కల వీధుల్లో తెలుగువాళ్ళు చాలామంది సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు. హార్డ్ డిస్క్ మొరాయిస్తే మాత్రం ఈ బస్సు డ్రైవర్ గరాజ్‌కే వస్తారు.

ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. “ఇంతవరకూ ఎంతమంది చూసినారప్పా దీన్ని?”

మొన్న శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్‌ను దుప్పట్లో చుట్టి తెచ్చిన సాకేత్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. “నేను, ఆఫీస్‌ల ఇద్దరు, వీడియో కాల్‌ల మా బావ.”

“నలుగురు ఇంజనీర్లు! అయినా ఇంకా బతికే ఉందా?”

సాకేత్ భార్య సింధుజ నవ్వలేదు. భార్యగా ఇక్కడ ఉండడానికి ఆమె అడిగిన పార్ట్‌నర్ వీసాకు అదనపు ఆధారాలు సోమవారంలోగా పంపాలి. పెళ్ళి పత్రం స్కాన్, ఇద్దరి పేరిట అద్దె ఒప్పందం, టికెట్లు, ఏరి పెట్టిన ఫొటోలు అన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. సాకేత్ చేసే ఉద్యోగం ఒక కంపెనీలో బ్యాకప్‌లు చూసుకోవడం.

“వాళ్ళవి మూడు చోట్ల పెడతడు అంకుల్. మావి దేవుడి మీద పెట్టిండు,” అంది సింధుజ.

శేషాచలం సొరుగులోంచి గీతలు పడిన సీడీ ఒకటి తీశాడు. “విండోస్‌ను లేపితే అది ఊరికే ఉండదమ్మా, డిస్కంతా కెలుకుతుంది. అందుకే కంప్యూటర్‌ను ఈ సీడీతో లేపుతాం. జబ్బు డిస్కులో ఏమీ రాయం. చదివినంత చదివి వేరే డిస్కుకు ఎత్తుకుంటాం. ఎంతసేపు చదవనిస్తుందో చెప్పలేను. ముందు ఏది కావాలి?”

“పెళ్ళి వీడియో అంకుల్. తొంభై జీబీ,” అన్నాడు సాకేత్.

“అందులో నువ్వు ఫోన్ చూసుకుంటనే కూసున్నవ్. అది పంపితే వచ్చే వీసా కూడా రాదు. కాగితాలు ముందు, అంకుల్.”

సీడీతో తెర వెలిగింది. లోపల డిస్కు టిక్కు టిక్కుమంటోంది. తీరా చూస్తే ‘న్యూ ఫోల్డర్’ పేరుతో ముప్పై ఒక్క ఫోల్డర్లున్నాయి. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా నంబర్లే తేడా.

“ఏదిరా నాయనా?”

“పదిహేడు అనుకుంటా... లేకుంటే ఇరవై రెండు.”

“ఒక్కోటీ తెరిచి చూసేంత ఓపిక దీనికి లేదు.”

సింధుజ ముందుకు వంగింది. “తేదీలు కనపడతయా అంకుల్? అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టింది నిరుడు మార్చి తొమ్మిదిన. ఆ రోజు ఈయనతోని మాట్లాడలే, అందుకే యాదికుంది. తెల్లారి నేనే కూసొని అన్నీ స్కాన్ చేసిన.”

మార్చి పది తేదీతో ఒక్కటే ఉంది, ఇరవై ఆరో నంబరు. శేషాచలం కాపీ మొదలుపెట్టాడు. సగం దాటాక, ఎంత కాపీ అయిందో తెర మీద చూపే గీత ఆగిపోయింది. పన్నెండు నిమిషాలు కదల్లేదు.

“ఒకసారి రీస్టార్ట్ చేస్తే...” అంటూ సాకేత్ చెయ్యి చాచాడు.

“వద్దు!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“అక్కడ నిలబడు తండ్రీ. చేతులు జేబులో పెట్టుకో,” అన్నాడు శేషాచలం.

కాసేపటికి గీత మళ్ళీ కదిలి చివరిదాకా వెళ్ళింది. తర్వాత పెళ్ళి వీడియో ఎత్తుకోబోతే, తాళి కట్టకముందే డిస్కు ప్రాణం పోయింది. సాకేత్ ఒక్కడే కాస్త బాధపడ్డాడు.

మర్నాడు ఆదివారం పొద్దున పదకొండున్నరకు సింధుజ ఆధారాలు పంపేసింది. ఫోల్డర్‌లో ఉన్నవి నూట నలభై మూడు ఫైళ్ళు. తెరుచుకున్నవి నూట ముప్పై తొమ్మిది.