మోకాళ్ళకు చోటు

మల్లేశ్వర్ ఆరడుగుల పైచిలుకు మనిషి. బంట్వారంలో గొర్రెల కాపరుల ఇంట పుట్టాడు. మంద వెంట తిరగడం మాని మందలకు టీకాలు వేసే పనిలో చేరినా, తిరుగుడు తప్పలేదు. మందు పెట్టె వెనక కట్టుకుని బైకు మీద ఊరూరూ వెళ్ళాలి. ఆ బండి అతని పొడుగుకు చాలదు. మలుపు తిరిగినప్పుడల్లా మోకాలు హ్యాండిల్‌కు తగిలేది.

పోయినేడు బురదలో జారిపడి కుడి మోకాలికి దెబ్బ తగిలింది. గాయం మానింది గానీ, కాసేపు మడిచి ఉంచితే కాలు బిగుసుకుపోయేది. బండి దిగాక అది సాగేదాకా సీటు పట్టుకుని నిలబడేవాడు. ఒకనాడు బీరయ్య అనే కాపరి, "నువ్వొచ్చుడెందుకు మల్లేశా, గొర్లనే నీ తానికి తోల్కొస్త" అన్నాడు. ప్రేమతో అన్నదే అయినా ఆ మాట గుచ్చుకుంది.

"బండి అమ్మేస్త. వికారాబాద్‌ల మందుల దుకాణంల పని ఉన్నదట" అన్నాడు ఇంటికొచ్చి భార్య దేవికతో.

"దినమంత కుర్చీల కూసుంటవా నువ్వు? ఈనలేక గోసపడ్డ గొర్రెను బతికిచ్చిననని వారందాక అదే ముచ్చట చెప్పినవ్. బండికేమైంది? సీటు మార్పిద్దాం పా."

తాండూరులో సీట్లు కుట్టే ప్రేమ్‌సాగర్ దగ్గరికి వెళ్ళారు. మల్లేశ్వర్ కన్ను అన్నిటికన్నా మెత్తటి సీటు మీద పడింది. బిగించి కూర్చుంటే పరుపులా హాయిగా ఉంది. కాసేపటికి అది కుంగి, మోకాళ్ళు మళ్ళీ పాతచోటికే వచ్చాయి.

ప్రేమ్‌సాగర్ ఇంకోటి బిగించాడు. జర గట్టిది, ఎత్తుగా, కూర్చునే చోటు వెనక్కి జరిపి ఉంది. కాళ్ళు చక్కగా సాగాయి. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినా మోకాలికి తగల్లేదు. మల్లేశ్వర్ ముఖం విప్పారింది. అంతలోనే వెనక్కి చూసుకున్నాడు.

"దేవికా, నువ్వు కూసో ఒకసారి."

ఆమె కూర్చుంటే సగం బయటికే ఉంది. "సంతకు వారంల ఒక్కనాడే గదా వస్త. సర్దుకుంట."

"వద్దు. నా కాలుకు సుఖమని నీ నడుము ఇరగ్గొడ్తనా?"

"వెనక క్యారేజీ తీసేస్తే సీటు పొడుగు చెయ్యొచ్చు. మరి మందు పెట్టె ఏడ పెడ్తవ్?" అన్నాడు ప్రేమ్‌సాగర్.

"పాల క్యాన్లు కట్టినట్టు పక్కకు కట్టుకుంటడు" అంది దేవిక.

సాయంత్రానికి సీటు తయారైంది. బంట్వారం దారిలో సగం దూరం పోయాక మల్లేశ్వర్ బండి ఆపి దిగాడు. దేన్నీ పట్టుకోకుండా నాలుగడుగులు నడిచాడు.

"నొస్తున్నదా?" అడిగింది దేవిక.

"ఉన్నది, జరంత. గని కాలు నా మాట ఇంటున్నది."

చలి ముదిరిన పొద్దుల్లో నొప్పి ఇంకా పలకరిస్తూనే ఉంది. అయినా మందుల దుకాణం మాట మళ్ళీ ఎత్తలేదు. కర్ణాటక సరిహద్దు ఊళ్ళు కూడా తనకే కావాలని అడిగి తీసుకున్నాడు. అక్కడి కాపరులు కన్నడంలో మాట్లాడతారు. గొర్రె రోగాల పేర్లు వాళ్ళ నోటి నుంచి ఒక్కొక్కటే నేర్చుకుంటున్నాడు.